తాడు కొసన జారని ఉచ్చు

బోరు మోటరు లాగుతుండగా తాడు పోయి మోటరు లోపలే పడిపోతే, చుట్టూ ఉన్నవాళ్లు అనే మాట ఒక్కటే: "తాడు తెగింది." చాలాసార్లు అది నిజం కాదు. పైకి వచ్చిన కొసను చేతిలోకి తీసుకొని చూస్తే తెలిసిపోతుంది. తెగిన తాడుకు పోగులు ఒక్కోటి ఒక్కో పొడవున చింపిరిగా లేచి ఉంటాయి. ప్లాస్టిక్ తాడైతే కొన్ని పోగులు వేడికి కరిగి గట్టి ముద్ద కట్టి ఉంటాయి. జారిన తాడు అలా ఉండదు. కొత్తలో కొవ్వొత్తితో కాల్చి అంటించిన కొస అట్లాగే ఉంటుంది. దానికి జానెడు వెనక, ముడి వేసిన చోట పడిన వంకరలు ఇంకా పోకుండా ఉంటాయి. ఆ వంకరల మీద రాపిడికి వచ్చిన నునుపు మెరుస్తుంటుంది. అంటే తాడు గట్టిదే. దాన్ని మోటరుకు పట్టి ఉంచాల్సిన ఉచ్చు ఊడిపోయింది.

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో తాడుతో పడని పని లేదు. దేవరకొండ, మునుగోడు, కల్వకుర్తి వైపు బోర్లు వందల అడుగుల లోతుకు పోతాయి. ఎండాకాలం వచ్చిందంటే మోటర్లు దించడం, ఎత్తడం రోజువారీ పనే. గొడ్లను కట్టేయాలన్నా, వరిగడ్డి ట్రాక్టర్ మీద బిగించాలన్నా, తాడిచెట్టు ఎక్కాలన్నా, సోమశిల దగ్గర కృష్ణలో తిరిగే పుట్టిని (గుండ్రటి బుట్ట పడవను) ఒడ్డుకు కట్టాలన్నా తాడు కావాలి. ఒకప్పుడు ఈ పనులన్నిటికీ కొబ్బరిపీచు తాడు, గోగునార తాడు, జనపనార తాడు వాడేవారు. ఇప్పుడు ఊళ్లో ఏ దుకాణంలో అడిగినా ముందు చేతికి వచ్చేది పచ్చదో నీలందో ప్లాస్టిక్ తాడు. తాడు ఇంతగా మారినా, దానికి వేసే ముడి మాత్రం నార తాడు నాటిదే. సమస్య మొదలయ్యేది ఇక్కడే.

ముడి నిలబడేది రాపిడి వల్ల. తాడు తన మీద తానే ఒరుసుకొని, తనను తానే నొక్కి పట్టుకుంటుంది. కొబ్బరిపీచు తాడు పైన గరుకు ఉంది. పీచులన్నీ బయటికి పొడుచుకొని ఉంటాయి కాబట్టి ముడి ఎట్లా వేసినా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. తడిస్తే నార ఉబ్బి ముడి ఇంకా బిగుస్తుంది. ప్లాస్టిక్ తాడు, అంటే దుకాణాల్లో దొరికే పాలీప్రొపిలీన్ తాడు, ఇందుకు పూర్తిగా వేరు. పైన నున్నగా ఉంటుంది, నీళ్లు పీల్చదు, ఉబ్బదు. పైగా కొత్త తాడు బిరుసుగా ఉంటుంది. వంచితే మళ్లీ నిటారుగా లేవాలని చూస్తుంది. అందుకే గట్టిగా బిగించినట్టు కనిపించిన ముడి కూడా నాలుగు కుదుపులకు లోపల్లోపల వదులవుతుంది. నైలాన్ తాడు దీనికంటే మెత్తన, బలం ఎక్కువ, సాగే గుణమూ ఎక్కువే. కానీ నునుపు విషయంలో అదీ ఇదీ ఒకే జాతి.

ఊళ్లలో తాడు కొసన ఉచ్చు చేసే మామూలు పద్ధతి అందరికీ తెలిసిందే. కొసను కొక్కెంలో నుంచి దూర్చి వెనక్కి తెచ్చి, అదే తాడుకు ఒక చుట్టు తిప్పి ముడి, దాని మీద ఇంకో ముడి. నార తాడుకు ఇది బ్రహ్మాండంగా పనిచేసింది. నిజానికి ఆ రెండు ముళ్లూ భారం మోసే తాడు మీద జారగలిగినవే. లాగినకొద్దీ ముందుకు జరిగి ఉచ్చు చిన్నదవుతుంది. గరుకు తాడు మీద కొద్దిగా జరిగి ఆగిపోతాయి కాబట్టి అది జారుముడి అని ఎవరూ గుర్తించలేదు. ప్లాస్టిక్ తాడు మీద అదే ముడి ఉచ్చును పూర్తిగా బిగదీయవచ్చు, లేదా కొస తిరిగి తిరిగి ముడిలో నుంచే బయటికి రావచ్చు. మూడో ముడి, నాలుగో ముడి వేసినా స్వభావం మారదు, ముడి లావు పెరుగుతుంది అంతే.

ఉచ్చు జారాలా, జారకూడదా అనేది ఉచ్చులో ఉన్నదేమిటో చూసి తేల్చుకోవాలి. కట్టెల మోపు, గడ్డి మోపు అయితే జారుముడే సరైనది. లాగినకొద్దీ మోపు బిగుస్తుంది. బొక్కెన పిడికి కూడా పరవాలేదు. ఉచ్చులో ప్రాణం ఉంటే మాత్రం జారుముడి పనికిరాదు. మేకపిల్ల మెడకు వేసిన జారుముడి అది మేత కోసం గుంజుకున్న ప్రతిసారీ కొద్దికొద్దిగా బిగుస్తుంది, వదిలినప్పుడు మళ్లీ వదులు కాదు. గట్టు మీద కట్టేసిన మేక కాలుజారి అవతలికి పడితే ఆ ఉచ్చే ఉరి అవుతుంది. బర్రెకైనా, ఎద్దుకైనా మెడ చుట్టూ ఉండే ఉచ్చు ఎంత లాగినా అదే కొలతలో ఉండాలి, మెడకూ తాడుకూ మధ్య నాలుగు వేళ్లు సులువుగా దూరాలి. లేగదూడ నెలల్లో పెరిగిపోతుంది కనుక దాని తలుగును మధ్యమధ్యలో విప్పి పెద్దది చేయాలి. విప్పడానికి రాని ముడి వేస్తే ఆ పని ఎవరూ చేయరు. మెడ వైపు జారని ఉచ్చు ఎంత అవసరమో, గుంజ వైపు కొస పట్టి లాగితే ఒక్క పట్టున ఊడే ముడి అంత అవసరం. కొట్టానికి నిప్పు అంటుకున్నప్పుడు బెదిరిన గొడ్డు తాడును బిగదీసి పెడుతుంది. ఆ సమయంలో పీటముడి విప్పుతూ కూర్చునే వ్యవధి ఉండదు.

జారని ఉచ్చుల్లో ప్రపంచమంతటా పడవల వాళ్లు, అగ్నిమాపక సిబ్బంది, పశువులను సాకేవాళ్లు ఎక్కువగా వాడేది బౌలైన్ ముడి. రెండు గుణాల వల్ల దానికి అంత పేరు. భారం మీద జారదు. ఎంత భారం మోసినా, భారం తీసేశాక వేళ్లతో విప్పవచ్చు. వేసే పద్ధతి ఇది. ఉచ్చు ఎంత పెద్దది కావాలో అంతకు తగ్గ పొడవు, దాని మీద ఇంకో మూర కొస వదలాలి. అక్కడ తాడుతో ఒక చిన్న సున్నా చుట్టాలి. సున్నా చుట్టేటప్పుడు కొస వైపు తాడు పైన, భారం మోసే వైపు తాడు కింద ఉండాలి. ఇప్పుడు కొసను సున్నా కింది నుంచి పైకి తేవాలి. పైకి వచ్చిన కొసను భారం మోసే తాడు వెనక నుంచి తిప్పి ముందుకు తెచ్చి, వచ్చిన సున్నాలోనే మళ్లీ కిందికి దించాలి. కొసనూ, దాని పక్కనున్న ఉచ్చు కాలునూ (ఉచ్చులో ఆ వైపు తాడునూ) కలిపి ఒక చేత్తో పట్టుకొని, రెండో చేత్తో భారం మోసే తాడును లాగి బిగించాలి.

తప్పు జరిగేది ఎక్కువగా ఆ సున్నా దగ్గరే. పైది కిందికి, కిందిది పైకి అయితే మిగతా అంతా సరిగ్గా చేసినా లాగగానే ఊడి చేతికి వస్తుంది. ఇది మేలే, ఎందుకంటే నేల మీదే తెలిసిపోతుంది. అందుకే ముడి వేయగానే కాలితో ఉచ్చును తొక్కి పట్టి, ఒంటి బరువంతా వేసి ఒకసారి గుంజి చూడాలి. సరిగా పడిన ముడిని ఒక వైపు నుంచి చూస్తే భారం తాడును మెడపట్టీలా చుట్టిన ఒక వంపు, దాని కింద పక్కపక్కనే దిగుతున్న రెండు పోచలు కనిపిస్తాయి. ఏ పోచా ఇంకోదాని మీద అడ్డంగా ఎక్కి ఉండకూడదు.

ఇంత మంచి ముడికీ బలహీనతలు ఉన్నాయి. వాటిని చెప్పకుండా ముడిని మాత్రమే నేర్పడం అన్యాయం. భారం ఉన్నంతసేపు బౌలైన్ గట్టిగా ఉంటుంది. భారం పడుతూ, పోతూ, ఊగుతూ ఉంటే మెల్లగా వదులవుతుంది. కృష్ణ ఒడ్డున కట్టిన పుట్టి ఇందుకు సరైన ఉదాహరణ. అల వచ్చినప్పుడు తాడు బిగుస్తుంది, పోయినప్పుడు వదులవుతుంది, రాత్రంతా ఇదే ఆట. బిరుసు ప్లాస్టిక్ తాడైతే తెల్లవారేసరికి ముడి సగం విచ్చుకుంటుంది. దీనికి విరుగుడు రెండు రకాలు. మొదట చుట్టిన సున్నాను ఒకటికి బదులు రెండు చుట్లు చుట్టడం ఒకటి. మిగిలిన కొసను వదిలేయకుండా పక్కనున్న ఉచ్చు కాలుకు రెండు చుట్లు తిప్పి ముడి వేయడం రెండోది. ప్లాస్టిక్ తాడు మీద రెండూ చేయడమే మంచిది. కొస కనీసం తాడు మందానికి పన్నెండింతలు ఉండాలనేది మామూలు లెక్క. 12 మిల్లీమీటర్ల తాడుకు అది సుమారు 15 సెంటీమీటర్లు, అంటే జానెడు కన్నా తక్కువే. నున్నటి తాడుకు మూరెడు వదిలినా పోయేదేమీ లేదు. తాడు వృథా అవుతుందని కొసను రెండు అంగుళాలకు కత్తిరించే అలవాటు మాత్రం మానుకోవాల్సిందే.

రెండో బలహీనత గురించి తెలిసినవాళ్లు తక్కువ. బౌలైన్ భారాన్ని తాడు పొడవునా మోయడానికి పుట్టింది. ఉచ్చునే రెండు పక్కలకు చీల్చినట్టు లాగితే అది జారవచ్చు. తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడి మోకు పనిచేసే తీరు చూస్తే ఈ తేడా స్పష్టంగా అర్థమవుతుంది. మోకు చెట్టునూ మనిషి నడుమునూ కలిపి చుట్టి ఉంటుంది. వెనక్కి వాలినప్పుడు ఒక వైపు చెట్టు, ఇంకో వైపు ఒళ్లు దాన్ని లాగుతాయి. అక్కడ భారం మోసే తాడు అంటూ వేరే లేదు, ఉచ్చే అంతా మోస్తుంది. కాళ్లకు వేసుకునే గుజి సంగతీ అంతే. కాబట్టి ఇంటర్నెట్‌లో చూసి నేర్చుకున్న బౌలైన్‌ను తెచ్చి మోకుకు వేయడం చాలా ప్రమాదం. మోకు, ముస్తాదు కట్టే విద్య గౌడ కుటుంబాల్లో తరతరాలుగా వచ్చింది, అది వేరే భారానికి తయారైన వేరే విద్య. అయినా చెట్టు మీద నుంచి పడి చనిపోయినవాళ్లు, నడుము విరిగి మంచం పట్టినవాళ్లు ఈ జిల్లాల్లో ఉన్నారు. 2024 జులైలో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. పట్టు జారినా మనిషి కింద పడకుండా ఆపడమే వాటి ఉద్దేశం. ఇవి ఎక్కేవాళ్లందరి చేతికీ చేరాలి, శిక్షణతో సహా.

మనిషి ప్రాణం తాడు మీద ఆధారపడినప్పుడు కొండలెక్కేవాళ్లు ఎక్కువగా నమ్ముకునేది ఎనిమిది ముడిని. భువనగిరి ఏకశిల గుట్ట మీద ఇది రోజూ కనిపించే ముడే. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చింది ఈ గుట్ట మీదనే. పూర్ణకు అప్పటికి ఇంకా పద్నాలుగేళ్లు నిండలేదు. ఎనిమిది ముడి వేయడం బౌలైన్ కంటే తేలిక. కొసకు రెండు మూరల వెనక తాడుతో ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేయాలి. కొసను నడుం పట్టీలో నుంచో కొక్కెంలో నుంచో దూర్చి తెచ్చి, ఆ ఎనిమిది ఏ దారిన పోయిందో అదే దారిన వెనక్కి నడిపించాలి. పూర్తయ్యాక ముడిలో ఎక్కడ చూసినా పోచలు జంటలుగానే ఉంటాయి. ఒక్క చోట ఒంటి పోచ కనిపించినా ముడి తప్పు. చూడగానే తప్పు తెలిసిపోవడమే దీని గొప్పతనం. పక్కనున్న మనిషి కూడా ఒక్క క్షణంలో పరీక్షించగలడు.

ఆ పరీక్ష ఎంత అవసరమో చెప్పడానికి లిన్ హిల్ ఉదంతం చాలు. ఆమె అమెరికాకు చెందిన ప్రపంచస్థాయి క్లైంబర్. 1989లో ఫ్రాన్స్‌లో ఒక కొండ ఎక్కుతూ తాడును నడుం పట్టీలో దూర్చి, ముడి పూర్తి చేయకుండానే పైకి వెళ్లారు. పైన తాడు మీద బరువు వేయగానే అది జారిపోయి ఇరవై మీటర్లకు పైగా కిందికి పడ్డారు. చెట్టు కొమ్మలు అడ్డుపడి బతికారు. ముడి వేయడం రాక జరిగింది కాదది. అందుకే కొండలెక్కేచోట ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా ఒకరి ముడి ఒకరు చూసుకుంటారు. బోర్ల దగ్గర, బావుల దగ్గర ఈ అలవాటు లేదు. కట్టినవాడి మాటే ప్రమాణం. ముడిని రెండో మనిషి చూసి "సరే" అన్న తర్వాతే మోటరు దించాలనే పద్ధతికి రూపాయి ఖర్చు లేదు. ఎనిమిది ముడితో ఒకటే ఇబ్బంది: పెద్ద భారం మోశాక బాగా బిగుసుకుపోతుంది, విప్పడానికి తంటాలు పడాలి. మోటరుకు ఏడాది పాటు కట్టి వదిలేసే ఉచ్చుకు అది లోపమేమీ కాదు.

ఇక బలం లెక్క. ముడి పడ్డచోట తాడు బలం తగ్గుతుంది, ఏ ముడికీ మినహాయింపు లేదు. తాడు చిన్న వంపు తిరిగినప్పుడు వంపు బయటి పోగులు సాగి బిగుస్తాయి, లోపలి పోగులు నలిగి వదులుగా ఉంటాయి. భారమంతా బయటి పోగుల మీదే పడుతుంది. అందుకే తాడు తెగితే మామూలుగా ముడిలోకి దూరే చోటే తెగుతుంది. తాడు రకాన్ని బట్టి మారినా, బౌలైన్‌తో అసలు బలంలో 60 నుంచి 75 శాతం, ఎనిమిది ముడితో 75 నుంచి 80 శాతం మిగులుతుందని మోటుగా చెప్పుకోవచ్చు.

దీన్ని ఒక బోరుకు అన్వయించి చూద్దాం. 5 హెచ్‌పీ మోటరు, పంపు కలిపి సుమారు 60 కిలోలు. 300 అడుగుల లోతు, రెండు అంగుళాల లోపలి వెడల్పున్న నల్ల పైపు. అందులో మీటరుకు సుమారు రెండు లీటర్ల నీళ్లు పడతాయి కాబట్టి పైపు నిండా నీళ్లుంటే వాటి బరువే 180 కిలోలు. పైపు తన బరువు వంద కిలోల దాకా. మొత్తం మూడు వందల నలభై కిలోల మాట. 12 మిల్లీమీటర్ల కొత్త ప్లాస్టిక్ తాడు దాదాపు రెండు టన్నులు మోసి తెగుతుంది, అంటే ఆరింతల బలం. ధైర్యంగా ఉండొచ్చు అనిపిస్తుంది. కానీ ముడి దగ్గర అది 1200 కిలోలకు వచ్చేసింది. తాడు రెండు మూడు ఎండాకాలాలు బయట పడి ఉండి సగం బలం పోగొట్టుకుందనుకుంటే మిగిలింది 600. ఇప్పుడు పైపును పట్టిన క్లాంపు ఊడి భారం ఒక్కసారిగా తాడు మీద పడింది. తాడులో కొంచెం కూడా వదులు లేకపోయినా, భారం ఉన్నపాటున పడితే తాడు మీద టెన్షన్ దాదాపు రెట్టింపు అవుతుంది. అంటే 680 కిలోలు. వదులు ఉంటే ఇంకా ఎక్కువ. అంతా గట్టిదే అనుకున్న తాడు ఎట్లా పోయిందో ఈ నాలుగు మెట్ల లెక్కలో ఉంది. దానికి తోడు మోటరు మీది కొక్కెం సన్నటి ఇనుప కడ్డీ అయితే దాని అంచు మీద తాడు ఒరుసుకొని తెగుతుంది. ఉచ్చు లోపల ఇనుప థింబుల్ (తాడు వంపు ఒరుసుకోకుండా కాపాడే గాడి ఉన్న కమ్మీ) పెట్టి, డి-షాకిల్‌తో (బోల్టుతో మూసే డి ఆకారపు ఇనుప కొక్కెంతో) మోటరుకు తగిలిస్తే ఆ బాధ తప్పుతుంది.

బలం అసలు పోకూడదనుకుంటే ముడి మాని అల్లిక వైపు వెళ్లాలి. మూడు పురుల తాడు కొసను విప్పి, ఉచ్చు తిప్పి, ఆ మూడు పురులను భారం మోసే తాడు పురుల మధ్యలోకి ఒకదాని తర్వాత ఒకటి దూర్చి అల్లేస్తారు. తాడు పేనడం తెలిసిన పాత తరం రైతులకు ఈ పని తెలుసు. పలుపు చివర ముడి లేకుండా నున్నగా కనిపించే ఉచ్చు అదే. ఇలా అల్లిన ఉచ్చు తాడు అసలు బలంలో 90 శాతం దాకా నిలుపుకుంటుంది. నార తాడుకు మూడు వరసల అల్లిక సరిపోయేది. ప్లాస్టిక్, నైలాన్ తాళ్లకు ఐదు వరసలైనా ఉండాలి, నునుపే కారణం. పాత చేతులు అలవాటుగా మూడు వరసలతో ఆపేస్తే కొత్త తాడు మీద అదీ జారుతుంది. ఏళ్ల తరబడి వాడే పలుపులకు, మోటరు తాళ్లకు ముడి కంటే ఇదే మేలు. ఊళ్లో ఆ విద్య తెలిసిన ఒకరిద్దరు ఉన్నప్పుడే కుర్రవాళ్లు కూర్చొని నేర్చుకోవాలి.

బావిలో పడిన మనిషిని పైకి తీయాల్సి వచ్చినప్పుడు ఇదంతా ఆలోచించే తీరిక ఉండదు, కాబట్టి ముందే తెలిసి ఉండాలి. బావిలో మోటరు ఉంటే మొదట కరెంటు తీసేయాలి. వాడకుండా వదిలేసిన పాత బావిలోకి తొందరపడి దిగకూడదు. అడుగున గాలి చెడిపోయి ఉంటే, కాపాడబోయినవాళ్లూ అక్కడే పడిపోతారు. పైనుంచి వేసే తాడుకు జారని ఉచ్చు ముందే వేసి వదలాలి, లోపలి మనిషి దాన్ని తల మీదుగా వేసుకొని చంకల కిందికి తెచ్చుకోవాలి. అక్కడ జారుముడి ఉంటే లాగినకొద్దీ పక్కటెముకలు నొక్కుకుపోయి ఊపిరి ఆడదు. సరైన ఉచ్చు అయినా ఒక్క తాడు మీద మనిషిని ఎక్కువసేపు వేలాడదీయకూడదు. ఛాతీ మీద భారంతో కొన్ని నిమిషాల్లోనే శ్వాస కష్టమవుతుంది. వీలైతే ఇంకో ఉచ్చు తొడల కింద వేసుకొని కూర్చున్నట్టు రావాలి. స్పృహ లేని మనిషి అయితే చేతులు పైకి లేచి ఉచ్చులో నుంచి జారిపోయే ప్రమాదం ఉంది. అట్లాంటప్పుడు ఫైర్ స్టేషన్ వాళ్ల కోసం 101కు ఫోన్ చేసి, ఈలోపు ఆ మనిషి తల నీళ్లపైన ఉండేలా చూడటమే సరైన పని.

తాడును ఎక్కడ దాస్తున్నామన్నదీ ముడితో ముడిపడిన విషయమే. ప్లాస్టిక్ తాడుకు నీళ్ల వల్ల ఏమీ కాదు, ఎండ దాన్ని తినేస్తుంది. బోరు షెడ్డు మీద చుట్టగా పడేసిన తాడును గోటితో గీకితే పొడి రాలుతుందంటే దానికి కాలం చెల్లింది. దాన్ని కట్టెల మోపుకు వాడుకోవచ్చు, మోటరుకు వద్దు. మోటరు బయటికి తీసిన ప్రతిసారీ పాత ఉచ్చును అట్లాగే మళ్లీ తగిలించకుండా, నలిగిన రెండడుగుల కొసను కోసి పారేసి, కొత్త కొసను కాల్చి అంటించి, ఉచ్చు కొత్తగా వేయాలి.